చప్పుడు లేకుండా చెట్టెక్కాలంటే

మానుకు పట్టీతో బిగించి ఒకదాని మీద ఒకటిగా ఎక్కే అల్యూమినియం క్లైంబింగ్ స్టిక్‌ల గురించి ఈసారి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. సగానికి పైగా ఉత్తరాల్లో గోడు ఒకటే: ఎక్కి కూర్చునేలోపే చెట్టు చుట్టుపక్కల పిట్ట అన్నది మిగలడం లేదు. ఒకే రకం ప్రశ్నల్లో ఒకదాన్ని ఎంచి వేస్తున్నాం.

ప్రశ్న: మా మేనల్లుడు అమెరికా నుంచి వస్తూ నాలుగు స్టిక్‌లు తెచ్చాడు. అక్కడ జింకల వేటకు వీటితోనే చెట్టెక్కుతారట. నాకు పక్షుల ఫొటోలు తీసే అలవాటుంది. ఇక్కడ వీటిని వాడితే కేసవుతుందా? తేలినీలాపురం తీసుకెళ్లొచ్చా?
— ఒక పాఠకుడు, టెక్కలి

జవాబు: స్టిక్ ఉంచుకోవడంలో తప్పులేదు, అదొక నిచ్చెన ముక్క. వేట మాత్రం మన దగ్గర నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 9వ సెక్షన్ దాన్ని నిషేధించింది. ఆ చట్టం దృష్టిలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. పట్టడం, ఉచ్చు వేయడం, ఎర పెట్టడం, తరమడం, అడవి పక్షుల గూళ్లను, గుడ్లను కదిలించడం కూడా వేటే. ఈ చివరి మాట ఫొటోలు తీసేవాళ్లు బాగా గుర్తుపెట్టుకోవాలి.

తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు అక్టోబర్ ప్రాంతం నుంచి వేసవి మొదలయ్యేదాకా ఊళ్లో చెట్ల మీదే గూళ్లు కట్టి పిల్లల్ని లేపుతాయి. (సైబీరియా నుంచి వస్తాయని అందరూ అంటారు గానీ ఈ రెండు జాతులూ దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులే.) గూడున్న చెట్టుకే కాదు, దాని పక్క చెట్టుకు కూడా స్టిక్ కట్టకండి. తల్లి లేచిందంటే కాకులు గుడ్ల మీద పడతాయి. ఎదిగీ ఎదగని పిల్లలు బెదిరి గూడు అంచు దాటి కింద పడతాయి. అక్కడ కింద నిలబడో, వాచ్‌టవర్ ఎక్కో చూడండి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో నత్తగుల్ల కొంగల సంగతీ అంతే.

స్టిక్ పనికొచ్చేది వేరే చోట్ల. మీ తోటలో, యజమాని ఒప్పుకున్న చెరువు గట్టు మీద, గూళ్లు లేని చెట్టుకు కట్టుకోండి. అటవీ భూమిలోనైతే అటవీ శాఖ అనుమతి చేతిలో ఉండాలి.

ప్రశ్న: తెల్లారకముందే చెరువు గట్టున చింతచెట్టు కిందికి వెళ్తాను. సంచిలోంచి తీసేటప్పుడే ఒకసారి ఠంగుమంటుంది, కట్టేటప్పుడు ఇంకోసారి. నీటికోళ్లన్నీ అవతలి గట్టుకు పోతున్నాయి. ఏ టేపు కొనమంటారు?
— ఒక పాఠకుడు, నెల్లిమర్ల

జవాబు: టేపు తర్వాత కొందురుగాని, ముందు చప్పుడు ఎక్కడ పుడుతోందో పట్టుకోండి. రాత్రిపూట ఇంట్లో ఫ్యాను ఆపేసి, స్టిక్‌ను ఒక చేత్తో వేలాడదీసి, వేలి కణుపుతో పైనుంచి కిందిదాకా తట్టుకుంటూ రండి. మోగిన ప్రతిచోటా సుద్దతో గీత పెట్టండి. తర్వాత నాలుగూ కలిపి కట్టి, భుజాన వేసుకుని వాకిట్లో నాలుగడుగులు నడవండి. నడకలో వినిపించే చప్పుడు వేరే, అది స్టిక్‌కు స్టిక్ తగలడం వల్ల.

సాధారణంగా గీతలు పడే చోట్లు ఇవి. స్టిక్ మధ్య గొట్టం బోలుగా ఉంటుంది, కొసలు తెరిచి ఉంటే బాగా మోగుతుంది. స్పాంజి ముక్క కూరండి, కింది కొసన మాత్రం చిన్న సందు వదలండి, లేకపోతే వాన నీరు లోపలే నిలుస్తుంది. మడత మెట్లున్న రకమైతే మెట్టు తిప్పినప్పుడు చివర్లో టక్కుమంటుంది. అది తగిలే చోట రెండు మిల్లీమీటర్ల రబ్బరు ముక్క అతికిస్తే ఆ టక్కు పోతుంది. పట్టీ కొసన ఉండే ఇనుప బకిల్ అన్నిటికన్నా పెద్ద శత్రువు. చీకట్లో చేయి జారితే అది ఊగి గొట్టానికి కొడుతుంది. సైకిల్ ట్యూబు ముక్కను తొడుగులా బకిల్ ఒంటికి ఎక్కించండి, పన్ను కదిలే భాగం మాత్రం బయటికి ఉంచండి. పీకితే చర్రుమనే వెల్‌క్రో ఎక్కడున్నా కత్తిరించి పారేసి, బదులు గుడ్డ నాడా కట్టుకోండి.

ఇక చుట్టడానికి. కరెంటు పనికి వాడే ఇన్సులేషన్ టేపు వద్దు. మన ఏప్రిల్, మే ఎండకు దాని జిగురు కారి చేతులకీ బట్టలకీ అంటుతుంది, చుట్ట ఊడుతుంది. గుడ్డ టేపు నయం. పాత సైకిల్ ట్యూబు ఇంకా నయం, ఖర్చు లేదు. మూడు సెంటీమీటర్ల వెడల్పు పట్టీలుగా కోసి, సగం మీద సగం పడేలా సాగదీసి చుట్టి, చివర లోపలికి దోపండి. క్రికెట్ బ్యాటు గ్రిప్ కూడా గొట్టానికి సరిపోతే చక్కగా కూర్చుంటుంది.

చుట్టకూడని చోట్లు మూడున్నాయి. మానును కరిచిపట్టే వి ఆకారపు పళ్ల మీద చుడితే పట్టు పోతుంది. మడత మేకు మీద చుడితే మెట్టు పూర్తిగా తెరుచుకోదు. వెల్డింగ్ అతుకుల మీద చుడితే పగులు వచ్చినా కంటికి కనబడదు. కాలు పెట్టే మెట్టు పైభాగం కూడా ఆలోచించి చేయండి. నున్నటి ట్యూబు మంచులో తడిస్తే జారుతుంది, అక్కడ గరుకు టేపే మేలు.

మోసుకెళ్లేందుకు సర్దడం కూడా ముఖ్యమే. రెండేసి స్టిక్‌ల మధ్య గుడ్డ పెట్టి, ఒకదాని మెట్లు ఇంకోదాని సందుల్లో పడేలా పేర్చి, పైనా కిందా గట్టిగా కట్టండి. మొదట వాడేది అన్నిటికన్నా పైన ఉండాలి. ఒక్కో పట్టీని విడిగా చుట్ట చుట్టి దాని స్టిక్‌కే కట్టేయండి. సంచిలో వేసుకుని వెళ్తే చెట్టు కింద ఒక్కోటీ బయటికి లాగాల్సిందే, లాగినప్పుడల్లా చప్పుడే. సంచి మానేసి వీపుకు నేరుగా కట్టుకోండి.

కొమ్మ విరిగిన చప్పుడుకు పక్షి తల తిప్పి చూసి ఊరుకుంటుంది. లోహం మోత ప్రకృతిలో లేనిది. పక్షులకు బాగా వినబడేది 1 నుంచి 4 కిలోహెర్ట్జ్ దాకా, అల్యూమినియం ఠంగుమన్న మోతలో ఆ స్థాయి ధ్వని దండిగా ఉంటుంది. అందుకే బెరడు రాలినా, ఆకు గలగలమన్నా కంగారు పడకండి, లోహానికి లోహం తగలకుండా చూసుకోండి.

బకిల్ పట్టీ తీసేసి తాడు వేసుకుంటే ఇంకా నిశ్శబ్దం కదా అని కొందరు అడిగారు. నిజమే, విదేశాల్లో చాలామంది అదే చేస్తున్నారు. కానీ వాళ్లు వాడేది డైనీమా లాంటి సాగని తాడు, స్టిక్ తయారీదారు చెప్పిన లావులో, కొసలు అల్లి వేసింది. అది నున్నగా ఉంటుంది కాబట్టి మామూలు ముడి వేస్తే జారిపోతుంది. హార్డ్‌వేర్ కొట్లో దొరికే నైలాన్ తాడు బరువుకు సాగుతుంది, తడిస్తే ఇంకా సాగుతుంది. బిగించినప్పుడు ఉన్న బిగువు మీరెక్కాక ఉండదు. చప్పుడు తగ్గుతుందని ఆ తాడు మాత్రం వేయకండి.

ప్రశ్న: నాలుగు స్టిక్‌లతో ఎంత ఎత్తు వెళ్లొచ్చు? ఒక్కడినే చీకట్లో ఎక్కేటప్పుడు వరుస ఏమిటి? రెండు చేతులూ పట్టీ బిగించడానికే పోతే మరి నేను పట్టుకునేదేమిటి?
— ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: మీరు పట్టుకోకూడదు, తాడే మిమ్మల్ని పట్టుకోవాలి. తాటిచెట్టు ఎక్కే కల్లుగీత కార్మికుడికి మోకు ఎలాగో, స్టిక్‌లతో ఎక్కేవాడికి నడుము తాడు అలాగ. ఒంటి నిండా తొడిగే హార్నెస్‌కు రెండు పక్కలా ఉన్న కొక్కేల్లో తాడు రెండు కొసలూ తగిలించి, మాను వెనక నుంచి తిప్పి, వెనక్కి వాలి నిలబడితే రెండు చేతులూ ఖాళీ అవుతాయి. 11 మిల్లీమీటర్ల తాడు, దాని మీద పొడవు సర్దుకోవడానికి 8 మిల్లీమీటర్ల సన్న తాడుతో మూడు చుట్ల ప్రూసిక్ ముడి. వదులుగా ఉన్నప్పుడు ముడి జరుగుతుంది, బరువు పడితే బిగుస్తుంది. లోహపు బిగింపు కన్నా ఈ ముడే నిశ్శబ్దం. ఇది లేకుండా స్టిక్‌లు కట్టొద్దు, పది అడుగులకైనా.

ఎత్తు లెక్క. 75 సెంటీమీటర్ల స్టిక్‌లనుకోండి. మొదటి దాని కింది మెట్టు నేల నుంచి 45 సెంటీమీటర్లు, ఆ తర్వాత స్టిక్‌కూ స్టిక్‌కూ మధ్య 45 సెంటీమీటర్ల సందు. అలా నాలుగో స్టిక్ పై మెట్టు 4.8 మీటర్ల దగ్గరకు వస్తుంది, పదహారు అడుగులకు కాస్త తక్కువ. మూడింటితో 3.6 మీటర్లు, అంటే పన్నెండు అడుగులు. ఫొటోలకు పన్నెండు చాలు. ఇంకా పైకి పోతే పక్షి వీపే కనబడుతుంది. సందు పెంచి ఎత్తు దొంగిలించాలని చూడకండి. కాలు బాగా ఎత్తి ఊపుతో లేవాల్సి వస్తే, ఆ ఊపుకే స్టిక్ కిర్రుమంటుంది, కదులుతుంది.

వరుస ఇదీ. హార్నెస్ ఇంటి దగ్గరో, బండి దగ్గరో తొడుక్కోండి, చెట్టు కింద కాదు. మాను చుట్టూ మీటరు మేర ఎండుటాకులు కాలితో మెల్లగా పక్కకు నెట్టండి. టేకు కింద ఇది తప్పనిసరి, ఆ ఆకు అప్పడంలా విరుగుతుంది. నడుము తాడు మానుకు చుట్టి రెండు పక్కలా తగిలించండి. ఇది నేల మీద ఉండగానే అయిపోవాలి.

మొదటి స్టిక్ మానుకు ఆనించి, పట్టీ కొసను విసరకుండా, మానును కౌగిలించుకున్నట్టు రెండో చేతికి అందించుకోండి. పట్టీ మెలి పడకుండా బిగించి, రెండు చేతులతో స్టిక్‌ను కిందికి గట్టిగా గుంజండి. పళ్లు బెరడులో దిగుతాయి. ఆ తర్వాత కింది మెట్టు మీద ఒక కాలు పెట్టి బరువును కొంచెం కొంచెంగా వేయండి. కిర్రుమంటే ఇప్పుడే అనాలి. ఎగిరి ఎక్కడం, కాలితో తన్ని కూర్చోబెట్టడం వద్దు.

మిగతా మూడూ హార్నెస్ పక్క లూపులకు గుడ్డ నాడాతో వేలాడాలి, ఒక పక్క రెండు, ఇంకో పక్క ఒకటి, మెట్లు మడిచి. అన్నీ ఒక పక్కే ఉంటే మోకాలికి తగిలి మోగుతాయి. పై మెట్టు మీద రెండు కాళ్లూ ఉంచి, నడుము తాడును ఛాతీ ఎత్తుకు జరిపి, వెనక్కి వాలి, అప్పుడు రెండోది తీయండి. నాడా విప్పేముందు దాని పట్టీ కొస మీ చేతి మణికట్టుకు ఒక చుట్టు వేసుకుంటే, జారినా కింద పడదు.

మధ్యలో కొమ్మ అడ్డొస్తే నడుము తాడు విప్పి మళ్లీ కడదామనుకుంటారు. పడిపోయేది అక్కడే. రెండో తాడు ఒకటి ఉంచుకోండి. దాన్ని కొమ్మ పైన కట్టి తగిలించాక గానీ కింది తాడు విప్పకూడదు. పైకి చేరాక తల కన్నా ఎత్తున మానుకు భద్రత తాడు కట్టి, హార్నెస్‌కు తగిలించి, దాని మీద బరువు వేసి చూసుకుని, ఆ తర్వాతే నడుము తాడు తీయండి. కూర్చునే పలకను, కెమెరా సంచిని కింద దారానికి కట్టి ఉంచి, పైనుంచి లాగండి.

ఇదంతా పగలు, మొదటి స్టిక్ ఒక్కదానితోనే, నేల నుంచి రెండడుగుల ఎత్తులో సాధన చేయండి. కళ్లు మూసుకుని పట్టీ బిగించగలిగిన రోజున చీకట్లోకి వెళ్లండి. తలకు లైటు పెట్టుకుంటే ఎర్ర వెలుగుది పెట్టుకోండి.

ప్రశ్న: రెండో స్టిక్ మీద కాలెట్టగానే పక్కకి తిరిగిపోయింది. పట్టీ గట్టిగానే లాగేను. ఎందుకలా అవుతాది?
— ఒక పాఠకుడు, సోంపేట

జవాబు: పట్టీ లాగిన బిగువు కన్నా అది మాను వెనక ఏ ఎత్తులో ఉందన్నది ముఖ్యం. వెనక పట్టీ ముందుకన్నా కిందికి జారి ఉందనుకోండి. మీ బరువు పడగానే స్టిక్ దిగుతుంది, అది దిగేకొద్దీ చుట్టు చిన్నదై పట్టీ వదులవుతుంది. ఎంత లాగినా ఇంతే. వెనక పట్టీ ముందుతో సమానంగా గానీ, ఒక అంగుళం పైన గానీ ఉంటే దిగేకొద్దీ బిగుస్తుంది. చీకట్లో చేత్తో తడిమి చూసుకోండి.

రెండో కారణం మీ పాదం. మెట్టు కొసన అడుగు వేస్తే స్టిక్‌ను మెలితిప్పినట్టే. పాదం లోపలి అంచు మధ్య గొట్టానికి తగిలేలా వేయండి.

మూడోది మాను. పైన, కింద ఉన్న రెండు పళ్ల జతలూ బెరడును తాకాలి. మధ్యలో బుడిపె ఉంటే స్టిక్ దాని మీద ఊగుతుంది. మాను కాస్త వంగి ఉంటే వాలు పైపున కట్టండి, అంటే మీరు ఎక్కేటప్పుడు మాను మీ మీదికి కాకుండా అవతలికి వాలి ఉండాలి. పక్కకు వాలిన మానుకు అసలు వద్దు.

ప్రశ్న: మాది ఉద్దానం. కొబ్బరి, జీడి, పనస ఉన్నాయి. దేనికి కట్టాలి?
— ఒక పాఠకురాలు, కవిటి

జవాబు: పనసకు. మాను నిటారు, బెరడు గరుకు, పళ్లు దిగుతాయి. పాలు కారి పట్టీకి అంటితే వంటనూనె రాసి తుడవండి. చింత, మామిడి కూడా మంచివే. మామిడికి, పనసకు, జీడికి ఒక్కటే బెడద: ఆకులు కుట్టి గూళ్లు కట్టే ఎర్రచీమలు. చీకట్లో కనబడవు, నడుము తాడు కొమ్మకు తగిలితే చొక్కా లోపలికి దిగుతాయి. అప్పుడు చప్పుడు చేయకుండా ఉండటం ఎవరి తరమూ కాదు. ముందు రోజు సాయంత్రం వెళ్లి చీమలు, కందిరీగలు, తేనెపట్టు చూసుకుని రండి.

జీడికి వద్దు. కిందినుంచే కొమ్మలేస్తుంది, కట్టడానికి తిన్నని మాను దొరకదు. పైగా కాండం తొలిచే పురుగు పట్టిన చెట్టు బయటికి బాగానే కనబడుతుంది, చెట్టు మొదలు దగ్గర రంపపు పొట్టులాంటి పిప్పి రాలి ఉంటే అదే గుర్తు.

కొబ్బరికి కట్టకండి, మీ కోసం కాదు, చెట్టు కోసం. పనస, మామిడి లాంటి చెట్లకు గాయమైతే కొత్త కణజాలం వచ్చి కప్పేస్తుంది. కొబ్బరికి ఆ పొర లేదు, మాను మీద పడిన గాటు చెట్టున్నంత కాలం ఉంటుంది, ఆ గాటు వాసనకు ఎర్రముక్కు పురుగు వస్తుంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను దాటాక నిలిచిన చెట్లలో వంగినవి, లోపల డొల్లవి ఉండొచ్చు, వాటి జోలికి అసలే పోవద్దు. కాయలు దింపడానికి కొబ్బరి కోసమే చేసిన కాలి యంత్రాలున్నాయి, ఆ పనికి అవే సరి.

నీలగిరి బెరడు పొరలుగా ఊడుతుంది, స్టిక్ దాంతోపాటు జారుతుంది. సరుగుడు సన్నగా ఉంటే గాలికి ఊగుతుంది, పదిహేను సెంటీమీటర్ల లావు లేని మానుకు ఏ స్టిక్కూ కట్టకండి. తోటల్లోంచి మోటారుకు పోయే కరెంటు తీగలు ఎక్కడున్నాయో పగలే చూసుకోండి. చేతిలో ఉన్నది అల్యూమినియం.

ప్రశ్న: రాత్రిళ్లు అడవిపందులు, ఎలుగులు తోటలోకి వస్తున్నాయి. స్టిక్‌లతో చెట్టెక్కి కాపలా ఉంటే ప్రమాదం ఉండదు కదా?
— ఒక పాఠకుడు, మందస

జవాబు: ఉంటుంది. ఎలుగు చెట్టెక్కుతుంది. తేనె కోసం, పండు కోసం మీ స్టిక్‌లు అందనంత ఎత్తుకు పోతుంది. పనసపండ్ల కాలంలో మీరెక్కి కూర్చున్న చెట్టుకే రావచ్చు. పైగా ఈ శీర్షికలో చెప్పిన నిశ్శబ్దం మీకు పనికిరాదు, హాని చేస్తుంది. ఎలుగు మనిషిని దగ్గరగా, హఠాత్తుగా చూసినప్పుడే ఎక్కువగా మీదపడుతుంది. తోటలోకి వెళ్లేటప్పుడు నలుగురు కలిసి, లైటుతో, గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్లండి. మిగలపండిన పనసపండ్లు చెట్టు కింద కుళ్లనివ్వకండి. జాడలు కనబడితే అటవీ శాఖ వాళ్లకు చెప్పండి. ఉచ్చులు, కరెంటు తీగలు పెట్టడం చట్టరీత్యా నేరం, మనుషుల ప్రాణాలు కూడా తీస్తోంది.

ప్రశ్న: మా అబ్బాయి మిషిగన్‌లో ఉద్యోగం. స్నేహితులతో కలిసి విల్లుతో జింకల వేట మొదలుపెట్టాడు. చెట్టు మీద కూర్చుంటాడట. వద్దంటే వినడు. ఏం జాగ్రత్తలు చెప్పాలి?
— ఒక తండ్రి, రాజాం

జవాబు: అక్కడ అది లైసెన్సుతో, కాలనియమంతో సాగే వ్యవహారం. మిషిగన్‌లో విల్లు వేట అక్టోబర్ 1న మొదలవుతుంది. అక్కడ ప్రభుత్వ అడవుల్లో చాలాచోట్ల చెట్టుకు మేకులు, మరమెట్లు దిగ్గొట్టనివ్వరు, అందుకే పట్టీ స్టిక్‌లు. ఏ పూటకాపూట చెట్టు మారుస్తారు కాబట్టి మోసుకెళ్లేవే కావాలి.

జింక ప్రమాదాన్ని పసిగట్టేది చెవితో, ముక్కుతో. తెల్లతోక జింక 30 కిలోహెర్ట్జ్ దాకా వింటుంది, మన చెవి 20 దగ్గరే ఆగిపోతుంది. పైన చెప్పిన చుట్టడాలు, సర్దడాలు మీవాడికీ అక్షరాలా వర్తిస్తాయి. మిషిగన్‌లో అదనంగా మంచు ఉంది. తడిసిన పట్టీ రాత్రికి గడ్డకట్టి బకిల్‌లో కదలదు, పొద్దున బలవంతంగా లాగితే చప్పుడు. రాత్రి ఇంట్లో ఆరబెట్టమనండి. మందపాటి గ్లౌజుతో బకిల్ చేతికి అందదు, బిగింపు అయ్యేదాకా పలచనిది వేసుకోమనండి.

మీరు అడగాల్సినవి మాత్రం ఇవి. నేల విడిచిన క్షణం నుంచి మళ్లీ నేల తాకేదాకా తాడు తగిలించి ఉంటున్నాడా? పైన కూర్చున్నాకే హార్నెస్ తగిలించుకునేవాళ్లు చాలామంది, జారిపడేది ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, పలక మీదికి మారేటప్పుడు. విల్లు భుజాన వేసుకుని ఎక్కుతున్నాడా? ఎక్కకూడదు, బాణాలు మూతపెట్టిన పొదిలో ఉంచి దారంతో పైకి లాగాలి, ఆ దారం తను ఎక్కే వైపు కాకుండా పక్కకు వేలాడాలి. ఒకవేళ జారి హార్నెస్‌కు వేలాడితే ఏం చేస్తాడు? కదలకుండా వేలాడితే కాళ్లలో రక్తం నిలిచిపోయి కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పొచ్చు. కాలు పెట్టి నిలబడే పట్టీ ఒకటి హార్నెస్‌కు ఉండాలి, అది చేతికందేలా ఉండాలి. ఫోను ఛాతీ జేబులో ఉండాలి, వెనక సంచిలో కాదు. ఏ చెట్టు మీద ఉన్నాడో, ఎన్నింటికి తిరిగొస్తాడో ఇంకొకరికి తెలిసి ఉండాలి. మీకు వాట్సాప్‌లో లొకేషన్ పెట్టమనండి, వేట మానకపోయినా ఆ పని చేస్తాడు.

ప్రశ్న: మా ఇల్లు సముద్రానికి దగ్గర. స్టిక్‌లు, పట్టీలు ఎన్నాళ్లు మన్నుతాయి?
— ఒక పాఠకుడు, కళింగపట్నం

జవాబు: అల్యూమినియం తుప్పు పట్టదు గానీ ఉప్పుగాలికి దాని మీద తెల్లపొడి తేలుతుంది. ఇనుప బోల్టు, అల్యూమినియం కలిసేచోట గుంటలు పడి తినేస్తుంది. వాడిన ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, మడత మేకులకు మైనం రాయండి. నూనె వద్దు, ఇసుక పట్టుకుని కరకరలాడుతుంది. పట్టీలను చెట్టుకే వదిలేయకండి, ఎండ వాటి బలాన్ని కంటికి కనబడకుండా తగ్గిస్తుంది. రంగు వెలిసి, అంచుల్లో నూగు లేచి, వంచితే బిరుసుగా ఉంటే మార్చేయడమే. హార్నెస్ మీద తయారీదారు గడువు రాసి ఉంటుంది. ఒకసారి పడి ఆగిన హార్నెస్, తాడు గడువున్నా మళ్లీ వాడకూడదు.

ప్రశ్న: కొన్నవి ఖరీదు. మా ఊరి వెల్డింగ్ షాపులో ఇనుప గొట్టాలతో చేయించుకుంటే?
— ఒక పాఠకుడు, చీపురుపల్లి

జవాబు: మంచి పనివాడు చేసినా రెండు ఇబ్బందులు. ఒకటి బరువు: కొన్నది ఒక్కోటి కిలో, కిలోన్నర ఉంటుంది, ఇనుపది దానికి రెండింతలకు పైనే తూగుతుంది, నడుముకు మూడు వేలాడదీసుకుని కట్టడం కష్టం. రెండోది మెట్టు అతుకు. మెట్టు ఒంటికాలి బరువును గొట్టం పక్కగా మోస్తుంది, ప్రతి అడుగుకూ ఆ అతుకు వంగి తిరిగొస్తుంది, ఆఖరుకు అక్కడే పగులుతుంది. మార్చి మార్చి చెట్లు ఎక్కే అవసరం లేకపోతే, ఒకే చెట్టుకు వెదురు నిచ్చెన పైనా కిందా మధ్యలో తాళ్లతో కట్టి ఉంచేయండి. వెదురు మోగదు. హార్నెస్, నడుము తాడు మాత్రం దానికీ కావాలి, ఆ రెండూ ఊళ్లో కుట్టించుకోకుండా పరీక్షించి ముద్ర వేసినవే కొనండి.